నీళ్లలో గేదె, తెర మీద కుక్కపిల్ల

గేదెను చెరువులో ఉంచి కొమ్ములకు బేరమాడినట్టు అని ఒక సామెత. బేరమాడేవాడికి కనిపించేవి కొమ్ములే. అది కుంటిదో, ఒట్టిపోయినదో, అసలు అమ్మేవాడిదేనో నీళ్ల అడుగున ఉండిపోతుంది. ఇంటర్నెట్‌లో క్లాసిఫైడ్ ప్రకటన చూసి కుక్కను తెచ్చుకోవాలనుకునేవారి పరిస్థితి అచ్చంగా ఇదే. ఫోటోలో కుక్క ఉంటుంది. దాని తల్లి ఉండదు, అది పడుకునే చోటు ఉండదు, కొత్త మనిషి దగ్గరికి వెళితే తోక ఊపుతుందో మంచం కింద దూరుతుందో ఉండదు. కుక్క గురించి తెలుసుకోవలసినవాటిలో చాలా భాగం దాని చుట్టూ ఉంటాయి. ప్రకటన ఆ చుట్టుపక్కలను కత్తిరించి కుక్కను ఒక్కదాన్నే మన ముందు పెడుతుంది. కత్తిరించిన ఆ భాగాన్ని మళ్లీ మన కళ్లతో చూడనిస్తే ఈ దారి చాలావరకు క్షేమమే. చూడనివ్వకపోతే ఎంత తక్కువ ధరకు వచ్చినా, ఎంత ముద్దుగా ఉన్నా క్షేమం కాదు.

ఒకే రకం మాటలతో, ఒకే రకం ఫోటోలతో కనిపించే ప్రకటనల వెనక ఒకే రకం మనుషులు ఉండరు. ఉద్యోగం పోయో, ఇల్లు మారో, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసో, మనసు చంపుకుని కుక్కను ఇచ్చేయడానికి సిద్ధపడినవారు ఉంటారు. పెంపుడు కుక్క అనుకోకుండా పిల్లలు పెడితే ఆ ఆరేడింటినీ ఏం చేయాలో తోచక ప్రకటన ఇచ్చేవారు ఉంటారు. వీళ్ల పక్కనే, అదే తెర మీద, అదే భాషలో మరికొందరు ఉంటారు. ఇరుకు బోనుల్లో ఆడకుక్కల చేత తెరిపి లేకుండా ఈనించి ‘మా ఇంట్లో పుట్టిన పిల్లలు’ అని రాసే వ్యాపారి, ఆ వ్యాపారి దగ్గర టోకున కొని అద్దె గదిలో పెట్టి అమ్మే దళారి, ఉచితంగా దొరికిన కుక్కకు మరునాడే ధర కట్టేవాడు, ఎవరి పెరట్లోనుంచో ఎత్తుకొచ్చినదాన్ని త్వరగా వదిలించుకోవాలనుకునేవాడు, అసలు కుక్కే లేని మోసగాడు.

సరుకులోని లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు సంతలో ఏం జరుగుతుందో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని వివరించారు. మంచిదీ చెడ్డదీ విడదీసి చూడలేని కొనుగోలుదారు రెండింటికీ మధ్యస్థంగా ఉండే ధరే ఇస్తాడు. ఆ ధర మంచి కారు ఉన్నవాడికి గిట్టదు, అతను తప్పుకుంటాడు, సంతలో నాసిరకమే పేరుకుంటుంది. ఈ విశ్లేషణకు 2001లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. కుక్కల ప్రకటనలకు ఇది బాగానే అతుకుతుంది కానీ ఒక తేడా ఉంది. కుక్కను ప్రేమించే ఇంటివారు ధర కోసం ఆ సంతకు రారు. మంచి ఇల్లు దొరికితే చాలనుకుంటారు. కాబట్టి ఇక్కడ మంచివాళ్లు పూర్తిగా తప్పుకోరు. వాళ్లను గుర్తుపట్టడమే అసలు పని, వాళ్లను గుర్తుపట్టే ఆనవాలు ధరలో దొరకదు.

కుక్కే లేని బేరం

అన్నిటికంటే తేలికైన మోసం కుక్క లేకుండా జరిగేది. వినియోగదారుల ఫిర్యాదులు చూసే బెటర్ బిజినెస్ బ్యూరో అనే అమెరికా సంస్థ 2017లోనే దీని మీద ప్రత్యేక నివేదిక వెలువరించింది. 2020లో జనం ఇళ్లకే పరిమితమై కుక్కలకు గిరాకీ పెరగడంతో ఈ మోసాలూ పెరిగాయి. ఎక్కడినుంచో తీసుకున్న ఫోటోలు, మార్కెట్ ధరకన్నా బాగా తక్కువ ధర లేదా ‘ఉచితం, రవాణా ఖర్చు మాత్రమే’ అన్న మాట, దూరప్రాంతంలో ఉంటున్నానని చెప్పే యజమాని, ఇంతే పెట్టుబడి.

దీని నడక ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. ముందు ఒక చిన్న మొత్తం అడుగుతారు. అది అందాక కుక్కపిల్ల బయలుదేరిందని కబురు వస్తుంది, రవాణా సంస్థ పేరుతో ఒక వెబ్‌సైటు చిరునామా కూడా పంపుతారు. ఆ సైటూ వాళ్లదే. తర్వాత బోను సరిపోలేదు, ఏసీ ఉన్న బోను కావాలంటారు. ఆపైన బీమా, ఆపైన క్వారంటైన్ రుసుము. ప్రతి మొత్తం పక్కనా ‘తిరిగి ఇచ్చేస్తారు’ అన్న హామీ ఉంటుంది. ఒకసారి డబ్బు కట్టిన మనిషి రెండోసారి కట్టేది కుక్క మీద ఆశతో మాత్రమే కాదు, మొదట కట్టినది వృథా కాకూడదని కూడా. చివరికి అనుమానం వచ్చి ఆపితే అసలు ముఖం బయటపడుతుంది. పిల్ల విమానాశ్రయంలో ఆకలితో ఉంది, మీరు డబ్బు కట్టకపోతే చచ్చిపోతుంది, జంతువును గాలికి వదిలేసిన నేరం మీ మీద పడుతుంది అని బెదిరిస్తారు. లేని కుక్కపిల్ల ఆకలిని చూపి మనిషిని ఏడిపించగలరు. ఆన్‌లైన్ మోసాల్లో ఇంత నీచమైనవి తక్కువ.

ఫోటోను గూగుల్ లాంటి వెతుకుడు యంత్రంలో పెట్టి అది ఇంకెక్కడ ఉందో చూడడం ఉపయోగకరమే. ఒకే పిల్ల మూడు ఊళ్లలో మూడు పేర్లతో కనిపిస్తే ఇక ఆలోచించనక్కర్లేదు. అయితే ఎక్కడా కనిపించలేదు కదా అని నమ్మడానికి ఇప్పుడు వీల్లేదు. కృత్రిమ మేధ క్షణాల్లో కొత్త కుక్కపిల్లను గీసి ఇస్తోంది. వీడియో కాల్‌లో పిల్లను చేతిలోకి తీసుకోమనడం, ఆనాటి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టమనడం, ఇంట్లో వేరే గది చూపమనడం కొంత మేలు. వీటన్నిటినీ మించిన పరీక్ష పాతదే, వెళ్లి చూడడం. కుక్కను చూడకముందు పైసా ఇవ్వకపోతే ఈ మోసం మొత్తం మొదటి మెట్టు దగ్గరే కూలిపోతుంది. వేరేవాళ్లు కూడా అడుగుతున్నారు, అడ్వాన్సు పంపితే మీ పేరున ఉంచుతాను అన్న మాట నిజమే అయినా సరే, పోతే ఆ కుక్క పోతుంది, అంతే. బహుమతి కార్డుల ద్వారానో క్రిప్టో కరెన్సీలోనో వేరేవారి పేరున ఉన్న ఖాతాకో డబ్బు పంపమన్నవారితో రెండో మాట అవసరం లేదు.

ఉన్న కుక్క, లేని ఆరోగ్యం

కుక్క నిజంగానే ఉన్నప్పుడు సంగతి జటిలమవుతుంది, ఎందుకంటే కొన్ని జబ్బులు బేరం నాడు కనిపించవు. కుక్కపిల్లలను ఎక్కువగా పొట్టనపెట్టుకునే పార్వో వైరస్‌ను 1978లో గుర్తించారు, రెండేళ్లలోపే అది ప్రపంచమంతా పాకింది. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే శనివారం ఎగిరి గంతులేసిన పిల్ల బుధవారానికి మూలన పడి, వాంతులూ నెత్తుటి విరేచనాలతో నీరసించిపోవచ్చు. చికిత్స అందకపోతే బతికేవి చాలా తక్కువ. అమ్మినవాడు ‘నా దగ్గర బాగానే ఉంది, మీరే ఏదో పెట్టారు’ అంటాడు, అప్పటికి ఆ ఫోను నంబరు పనిచేస్తుంటే. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు మరీ మోసకారి. ముక్కు కారడం, దగ్గుతో మొదలై, తగ్గిందనుకున్న కొన్ని వారాల తర్వాత మూర్ఛలుగా బయటపడగలదు.

ఇక్కడ టీకాల లెక్క తెలిసి ఉండడం చాలా ఉపయోగం. తల్లిపాల ద్వారా పిల్లకు వచ్చిన రక్షణ మొదటి వారాల్లో దానిని కాపాడుతుంది. అదే రక్షణ టీకాను పనిచేయనివ్వకుండా అడ్డుపడుతుంది కూడా. ఆ రక్షణ ఏ పిల్లలో ఏ రోజున కరిగిపోతుందో బయటికి తెలియదు. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేవరకు టీకా వేస్తూ పోవాలని చెబుతాయి. ఎనిమిది వారాల పిల్లకు ‘అన్ని టీకాలూ పూర్తయ్యాయి’ అని ప్రకటనలో ఉంటే, రాసినవారికి టీకాల గురించి తెలియదు, లేదా చదివేవారికి తెలియదని వారి నమ్మకం. రేబిస్ టీకాను సాధారణంగా పన్నెండు వారాల తర్వాతే వేస్తారు, కనుక రెండు నెలల పిల్ల కార్డులో అది ఉంటే వయసైనా అబద్ధం, టీకా అయినా అబద్ధం అయ్యే అవకాశం ఎక్కువ.

టీకా కార్డు ముద్రించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. మందు సీసా మీదనుంచి తీసి అంటించిన లేబులు, దాని బ్యాచ్ సంఖ్య, తేదీ, పశువైద్యుడి సంతకం, ముద్ర ఉన్నాయా అన్నది మొదట చూడాలి. తర్వాత ఆ ఆసుపత్రికి ఫోను చేయాలి. కార్డు మీద ఉన్న నంబరు వదిలేసి, విడిగా వెతికి పట్టుకున్న నంబరుకు చేయాలి. ఈ చిన్న మెలకువ చాలామందికి తట్టదు. దొంగ కార్డు తయారు చేసినవాడు దాని మీద తన స్నేహితుడి నంబరు వేసుకోలేడా?

దానంగా వచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదని పెద్దలంటారు. కుక్క విషయంలో ఆ మర్యాద పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టడమే మంచిది, ఎందుకంటే పిల్ల వయసును దాదాపు కచ్చితంగా చెప్పేవి అవే. పాలపళ్లు మూడో వారం నుంచి మొదలై సుమారు రెండు నెలల నాటికి మొత్తం ఇరవై ఎనిమిదీ వచ్చేస్తాయి. ముందుపళ్లు ఊడి కొత్తవి రావడం మూడున్నర, నాలుగు నెలలకు మొదలవుతుంది. ఆరేడు నెలలకు నలభై రెండు శాశ్వత దంతాలు ఉంటాయి. ‘రెండు నెలలు నిండాయి’ అన్న పిల్లకు దవడ పళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉంటే అది తల్లి దగ్గరనుంచి ముందే లాక్కొచ్చిన పిల్ల.

ముందే లాక్కురావడంలో అన్యాయం పాలతో ఆగిపోదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్క లోకాన్ని నేర్చుకునే కీలకమైన కాలం. తోబుట్టువులతో కరుచుకుంటూ ఆడుకునేటప్పుడే ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి పుడుతుందో పిల్లకు తెలుస్తుంది. మనుషులు, గొంతులు, వీధి చప్పుళ్లు భయపెట్టేవి కావని తెలిసేదీ అప్పుడే. చీకటి షెడ్డులో ఆ వారాలు గడిపిన పిల్లకు ఆ తర్వాత ఎంత ప్రేమ పంచినా కొన్ని భయాలు వదలకపోవచ్చు. ఇంగ్లండ్‌లోనూ ఇతర అనేక దేశాల్లోనూ ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మకూడదని చట్టం ఉండడానికి కారణం ఇదే. భారతదేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు కూడా అదే వయసును గీతగా పెట్టుకున్నాయి.

చట్టాలు ఇంకొంచెం ముందుకు కూడా వెళ్లాయి. 2013లో వేల్స్‌లోని ఒక కుక్కల పెంపక కేంద్రం నుంచి బయటపడిన లూసీ అనే ఆడకుక్క పేరుతో పిలిచే చట్టం 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో అమల్లోకి వచ్చింది. ఆరు నెలలలోపు పిల్లను దళారులు అమ్మడం దానితో నిషిద్ధమైంది. పెంచినవారి దగ్గరే, తల్లితో కలిసి ఉండగా చూసి కొనాలి, లేదా దిక్కులేని జంతువులను చేరదీసే రక్షణ కేంద్రం నుంచి దత్తత తీసుకోవాలి. ఫ్రాన్స్ 2021 చట్టం మరో దారి పట్టింది. కుక్కను మొదటిసారి తీసుకునేవారు దాని బాధ్యతలు తెలుసునని ఒక పత్రం మీద సంతకం చేసి, ఏడు రోజులు ఆగాక గానీ కుక్క చేతికి రాదు. ఆ ఏడు రోజుల ఆలోచన బహుశా అన్నిటికన్నా తెలివైనది. ప్రకటనల వ్యాపారం మొత్తం తొందర మీద నడుస్తుంది. ఆ తొందరను తీసేస్తే దొంగకు మిగిలేది చాలా తక్కువ.

చట్టం ఉన్నచోటా లేనిచోటా తల్లిని చూడమనే సలహా పనికొస్తుంది. దాన్ని కూడా అమ్మేవారు ఎప్పుడో నేర్చేసుకున్నారు, ఏదో ఒక ఆడకుక్కను తెచ్చి పక్కన కూర్చోబెడతారు. పాలిచ్చే తల్లి పొట్ట కింద చూస్తే తెలిసిపోతుంది. పిల్లలు దానిమీదకు ఎగబడతాయి, అది వాటిని నాకుతుంది లేదా విసుక్కుంటుంది. పిల్లలను పట్టించుకోకుండా తలుపు వైపు చూస్తూ కూర్చున్నది తల్లి కాకపోవచ్చు. ఇక ‘మీకు శ్రమ ఎందుకు, దారి మధ్యలో కలుద్దాం, పార్కింగ్ దగ్గరికి తెస్తాను’ అనే మర్యాదను అసలు నమ్మకూడదు. ఇల్లు చూపించకుండా ఉండడమే ఆ మర్యాదలోని అర్థం.

ప్రకటన భాషను చదవడం

పిల్లల సంగతి అలా ఉంచితే, ప్రకటనల్లో వచ్చే పెద్ద కుక్కల విషయంలో ముఖ్యమైన సమాచారం విశేషణాల వెనక దాక్కుని ఉంటుంది. కుక్కను ఇచ్చేవారు సాధారణంగా పచ్చి అబద్ధం చెప్పరు. నిజాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఇస్తారు. ‘చిన్నపిల్లలు లేని ఇంటికి ఇస్తాం’ అంటే పిల్లలతో ఏదో జరిగింది, లేదా జరుగుతుందన్న భయం ఉంది. ‘ఇంట్లో ఇదొక్కటే కుక్క అయితే మంచిది’ అంటే ఇతర కుక్కల మీద పడుతుంది. ‘పెద్ద స్థలం కావాలి’ అంటే ఇంట్లో ఉంచితే వస్తువులు మిగలడం లేదు. ‘మంచి కాపలా కుక్క’ అంటే వచ్చిన చుట్టాలను లోపలికి రానివ్వదు. ‘ఒక్కరికే బాగా అలవాటు పడుతుంది’ అంటే మిగతావారి మీద గుర్రుమంటుంది. ‘అనుభవం ఉన్నవారికి మాత్రమే’ అన్న మాటకైతే ఏ నిఘంటువూ అక్కర్లేదు.

ఇవి చదివి అలాంటి కుక్కను వద్దనుకోవాలని కాదు. ఇలా రాసినవారు కనీసం ఒక హెచ్చరిక ఇచ్చారు, దాన్ని పట్టుకుని అడిగితే మిగతాది చెప్పే అవకాశం ఎక్కువ. ఏ లోపమూ రాయని ప్రకటనే ఎక్కువ అనుమానించదగ్గది. ఆరేళ్లు ఇంట్లో తిరిగిన కుక్కకు ఒక్క చెడ్డ అలవాటూ లేదని చెప్పేవారు దానితో ఆరేళ్లు ఉండి ఉండరు.

అడిగే తీరులో కూడా తేడా ఉంది. ‘కరుస్తుందా’ అంటే ఎవరైనా లేదనే అంటారు. తింటున్నప్పుడు గిన్నె మీద చేయి పెడితే ఏం చేస్తుంది, చివరిసారి ఎవరి మీద గుర్రుమంది, అప్పుడు ఏం జరుగుతోంది, ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు, గోళ్లు కత్తిరిస్తుంటే ఊరుకుంటుందా, పశువైద్యుడి దగ్గర మూతికి చిక్కం వేయవలసి వచ్చిందా అని అడిగితే, నిజంగా ఆ కుక్కతో బతికినవారి నోట కథలు వస్తాయి. దళారి నోట ‘చాలా మంచిది’ అన్న ఒక్క మాటే తిరిగి తిరిగి వస్తుంది.

కుక్కను కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళల్లో చూడడం మేలు. మొదటిసారి అదే ఇంట్లో, రెండోసారి వీధిలో నడిపిస్తూ. కొత్త ఇంటికి వచ్చిన కుక్క మొదటి రోజుల్లో ఒక మూలన ఒదిగి కూర్చుంటే దాన్ని బుద్ధిమంతురాలనుకుంటారు. చాలాసార్లు అది భయం. మూడు రోజులు బెదురు, మూడు వారాల్లో ఇంటి పద్ధతులు, మూడు నెలలకు నిజమైన స్వభావం అని రక్షణ కేంద్రాల్లో పనిచేసేవారు ఒక లెక్క చెబుతారు. శాస్త్రం కొలిచి తేల్చిన లెక్క కాకపోయినా, మొదటి వారంలోనే పసిపిల్లను కుక్క పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీయకుండా ఆపగలిగితే ఆ లెక్క చేయవలసిన పని చేసినట్టే.

ఎవరి కుక్క ఇది

దొంగిలించిన కుక్క అయితే కొన్నవారికి రెండు నష్టాలు, డబ్బూ పోతుంది, అలవాటుపడిన కుక్కా పోతుంది. మైక్రోచిప్ ఇక్కడ కొంత ఆదుకుంటుంది. బియ్యపు గింజంత ఉండే ఈ చిప్ మెడ వెనక చర్మం కింద ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అందులో పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. చాలామంది అనుకున్నట్టు అది కుక్క ఎక్కడుందో చెప్పే పరికరం కాదు. స్కానర్ దగ్గర పెడితే సంఖ్య ఒక్కటే చెబుతుంది, ఆ సంఖ్య ఎవరి పేరున నమోదైందో చెప్పవలసింది నమోదు సంస్థ. కాబట్టి చిప్ ఉందని చెప్పగానే సరిపోదు. పశువైద్యుడి దగ్గర స్కాన్ చేయించి, ఆ సంఖ్య కుక్కను ఇచ్చేవారి పేరునే ఉందో లేదో చూసి, తీసుకున్న వెంటనే నమోదు మార్పించుకోవాలి. ఇద్దరూ సంతకాలు పెట్టిన ఒక కాగితం, అందులో తేదీ, కుక్క వివరాలు, ‘నా కుక్కను ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను’ అన్న వాక్యం కూడా ఉండాలి. భార్యాభర్తలు విడిపోయేటప్పుడు ఒకరికి తెలియకుండా ఇంకొకరు కుక్కను ఇచ్చేసే సందర్భాల్లో ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ధర గురించి ఒక మాట. అమెరికాలోని క్రెయిగ్స్‌లిస్ట్ అనే క్లాసిఫైడ్ ప్రకటనల సైటు పెంపుడు జంతువుల అమ్మకాన్ని అనుమతించదు, కొత్త ఇల్లు చూసుకోవడాన్ని, దానికి చిన్న దత్తత రుసుము తీసుకోవడాన్ని మాత్రం అనుమతిస్తుంది. కుక్కను ఇచ్చేవారికి ఆ రుసుము ఒక రక్షణ. పూర్తిగా ఉచితమంటే తెచ్చుకుని మళ్లీ అమ్మేవాడికి అదే ఆకర్షణ. కొంత వెల పెడితే అలాంటివారిలో కొందరు ముందే వెనక్కి తగ్గుతారు. అయితే ఉచితంగా తీసుకున్నవారు ప్రేమగా చూసుకోరన్న నమ్మకానికి ఆధారం లేదు. దత్తత వెళ్లిన పిల్లుల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో రుసుము కట్టినవారి అనుబంధానికీ కట్టనివారి అనుబంధానికీ తేడా కనిపించలేదు.

వెళ్లేది అపరిచితుల ఇంటికన్న సంగతి కుక్క మీద ధ్యాసలో మరుగున పడుతుంది. పగటిపూట, తోడుతో, ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి. పెద్ద మొత్తం నగదు జేబులో వేసుకుని వెళ్లకూడదు.

తెచ్చుకున్నాక

కుక్క ఇంటికి వచ్చాక రెండు రోజుల్లోపు పశువైద్యుడికి చూపించాలి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండు వారాలపాటు కొత్తదాన్ని వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచడం అవసరం. పార్వో మామూలు సబ్బుకు చావదు, నేలలో నెలల తరబడి బతుకుతుంది. నులిపురుగులు, గజ్జి మనుషులకు కూడా అంటుకుంటాయి. కుక్కల్లో గర్భస్రావాలు కలిగించే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి మరీ మొండిది, మందులు వాడినా ఒంట్లోనుంచి పూర్తిగా పోయిందని చెప్పలేరు. పిల్లలు పెట్టిన కుక్కను తెచ్చుకునేటప్పుడు ఆ సూక్ష్మజీవి పరీక్ష గురించి అడగడం మంచిది. రేబిస్ సంగతి వేరే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారా వచ్చేదే, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. టీకా సంగతి తెలియని కుక్క కొరికినా గీరినా, ‘మన కుక్కే కదా’ అని ఊరుకోకూడదు. గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇంత చదివాక ఈ దారే వద్దనిపించవచ్చు. చాలా రక్షణ కేంద్రాల్లో పరీక్షలు, టీకాలు, సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్స ముందే జరిగిపోతాయి కాబట్టి కొత్తవారికి అది తేలికైన మార్గం. కానీ బోనులో, వంద మొరుగుళ్ల మధ్య ఉన్న కుక్క ఇంట్లో ఎలా ఉంటుందో అక్కడివారూ ఊహించి చెప్పవలసిందే. ఐదేళ్లు కలిసి బతికిన మనిషి నిజాయితీగా చెప్పగలిగినంత ఏ కేంద్రమూ చెప్పలేదు. ఒక ఇంట్లోనుంచి నేరుగా ఇంకో ఇంటికి వెళ్లే కుక్క మధ్యలో ఆ బోనును చూడకుండా దాటిపోతుంది. ప్రకటనలకు ఉన్న అసలు విలువ అది. దాన్ని వ్యాపారులకూ దొంగలకూ వదిలేయడం నష్టమే.

ఒక సందర్భం మాత్రం చాలామందిని ఓడిస్తుంది. చూడ్డానికి వెళ్లినచోట పిల్ల జబ్బుగా ఉంటుంది, కళ్లు పుసులు కడుతూ, పక్కటెముకలు తేలి. అక్కడ వదిలి రావడానికి మనసు ఒప్పదు. డబ్బిచ్చి తెచ్చేసుకుంటారు, పుణ్యం చేశామనుకుంటారు. అమ్మినవాడి లెక్కలో మాత్రం అది మామూలు అమ్మకమే, ఆ డబ్బుతో తల్లి మళ్లీ ఈనుతుంది. చేదుగా ఉన్నా, చేయవలసింది ఖాళీ చేతులతో బయటికి వచ్చి, ప్రకటనను తెర మీద కనిపించినట్టే భద్రపరిచి, చిరునామాతో సహా జంతు సంక్షేమ అధికారులకో పోలీసులకో, ఆ ప్రకటన వేసిన సైటుకో తెలియజేయడం. ఆ ఒక్క పిల్ల సంగతి ఏమవుతుందన్న ప్రశ్నకు దీనిలో మంచి జవాబు లేదు.

సరైన ఇల్లు దొరికిందనడానికి ఒక గుర్తు ఏమిటంటే, ప్రశ్నలు అటువైపునుంచి కూడా వస్తాయి. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, ఊరికి వెళితే ఎక్కడ వదులుతారు, ఇల్లు మీదా అద్దెదా, ఇంటివాళ్లు ఒప్పుకున్నారా అని విసుగు పుట్టేదాకా అడుగుతారు. కుదరకపోతే మళ్లీ మాకే ఇవ్వండి, ఇంకెవరికీ ఇవ్వకండి అంటారు, కాగితం మీద రాయిస్తారు కూడా. అలాంటివారి దగ్గర ఇంకో రెండు వస్తువులు అడిగి తెచ్చుకోవచ్చు. ఒకటి, కుక్క ఇప్పుడు తింటున్న తిండి వారానికి సరిపడా. దాన్ని కొత్త తిండిలో రోజురోజుకూ తగ్గిస్తూ కలిపితే కడుపు పాడవదు. రెండోది, అది పడుకునే గుడ్డ, ఉతకకుండా. కొత్త ఇంట్లో మొదటి రాత్రి కుక్క అన్ని గదులూ వాసన చూసి, చివరికి ఆ గుడ్డ దగ్గరికే వచ్చి పడుకుంటుంది.